కాలువ దగ్గర ఎడమకు

దెయ్యాలు, ఆత్మలు అని మాట ఎత్తినవాణ్ణి అంగడి బల్ల మీంచి లేపి పంపించే మనిషిని నేను. మైదుకూరులో మాది విత్తనాలు, పురుగుమందుల అంగడి. సాయంత్రం పూట రైతులు నలుగురు చేరితే అందులో ఒకడు తప్పకుండా ఫలానా మలుపు దగ్గర ఏదో కనపడిందని మొదలుపెడతాడు. "పనీపాటా లేనోళ్ళకే కనపడతాయప్పా అవి" అని ముఖం మీదే అనేవాణ్ణి. ఇప్పుడు నేనే రాయడానికి కూర్చున్నాను. అప్పట్లో నాతో మాటలు పడ్డవాళ్ళు ఇది చదివి నవ్వుకుంటే నవ్వుకోనీ.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నాకు కోపం ఎక్కువ. ఎదుటి మనిషి మాట సగంలో ఉండగానే నాకు మండుతుంది. ఇది రాస్తున్నప్పుడు కూడా మండుతూనే ఉంది. ఎవరి మీద అన్నది చదివితే మీకే తెలుస్తుంది.

ఇదంతా కారులో దారి చూపించే యంత్రం పెట్టించడంతో మొదలైంది. రెండువేల తొమ్మిది ప్రాంతం. అప్పటికి ఫోన్లలో మ్యాపులు మా దగ్గర ఎవరికీ తెలియవు. హైదరాబాదులో ఒక డీలర్ కారులో మొదటిసారి చూశాను. తెర మీద రోడ్డు గీత, దాని మీద బాణం, ఒక ఆడగొంతు ఇంగ్లీషులో కుడి, ఎడమ చెప్పడం. చూసిన క్షణమే నాకు ఖాదర్ గుర్తొచ్చాడు, ఒళ్ళు మండింది. ఇలాంటిది రెండేళ్ళ ముందు నా కారులో ఉండి ఉంటే మా అమ్మ బతికేదనుకున్నాను.

ఖాదర్ మా డ్రైవరు. మా నాన్న కాలం నుంచి మా దగ్గరే ఉన్నాడు. మొదట లారీ, తర్వాత జీపు, చివరికి ఈ తెల్లకారు. మైదుకూరు నుంచి కర్నూలు దాకా ఆ రోడ్డులో ఏ గుంత ఎక్కడుందో చూడకుండా చెప్పగలడు. అమ్మకు గుండె జబ్బు. ఒక రోజు కర్నూలులో డాక్టరుకు చూపించాలి. నేను ముందు రోజే పని మీద అక్కడికి వెళ్ళి ఉన్నాను. ఉదయం అమ్మను కారులో ఎక్కించుకుని తిన్నగా రమ్మని ఖాదర్‌కు చెప్పాను. పదకొండుకల్లా రావలసినవాళ్ళు ఒంటిగంట దాటాక వచ్చారు. అప్పటికే అమ్మకు నొప్పి మొదలై ఒళ్ళంతా చెమట పట్టి ఉంది. సాయంత్రానికి పోయింది. ఒక గంట ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్ళమని డాక్టరు అన్నాడు.

నేను ఆసుపత్రి మెట్ల మీదే ఖాదర్ చొక్కా పట్టుకున్నాను. ఎక్కడికి పోయావురా అని అడిగాను. నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు, ఎప్పుడూ నేను అతణ్ణి రా అనలేదు. అతను నా ముఖం చూడకుండా, "దారి తప్పినానప్పా" అన్నాడు.

ఆ రోడ్డులో ఖాదర్ దారి తప్పడమా? తాగి ఉన్నాడేమో అనుకున్నాను. తాగడని నాకు తెలుసు. అయినా అదే మాట అందరి ముందూ అన్నాను. ఇంకేదో చెప్పబోయాడు. నోరు మూసుకుని పొమ్మన్నాను. కారు తాళం మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. రాత్రికి మైదుకూరు బస్సెక్కి మా ఇంటికి కూడా వచ్చాడట. మా అంగడి హమాలీలు వీధి మొదట్లోనే ఆపేశారు, నేను చెప్పబట్టే.

ఇక్కడ మా మామ సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అమ్మకు ఒక్కడే తమ్ముడు. వాళ్ళ ఊరు చాగలమర్రి, ఆళ్ళగడ్డ మధ్యలో రోడ్డుకు పడమర పక్క కొంత లోపలికి ఉంటుంది. ఊరి పేరు రాయను, మావాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. అమ్మ పోవడానికి మూడేళ్ళ ముందు మామ నా దగ్గర పత్తి విత్తనాలు తీసుకున్నాడు. చేను ఏపుగా పెరిగింది, కాయ మాత్రం పట్టలేదు. మామ నేరుగా మా అంగడికి వచ్చి, పదిమంది రైతుల ముందు, "మా అక్క కొడుకే నన్ను ముంచినాడు" అన్నాడు. వ్యాపారం చేసేవాడికి అంతకంటే ఏం కావాలి? ఇక జన్మలో నా గడప తొక్కొద్దన్నాను. ఇంటికొచ్చి అమ్మతో, "నువ్వు ఆ ఇంటికి పోయేటట్లయితే అక్కడే ఉండిపో" అన్నాను. అమ్మ మళ్ళీ పుట్టింటి పేరు ఎత్తలేదు.

ఆ సంచుల్లోవి నకిలీ విత్తనాలేమోనని నాకూ అనుమానం ఉండేది. కుట్టు తేడాగా ఉందని దించేటప్పుడే చూశాను. ఇన్నేళ్ళలో ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు, ఇక్కడే రాస్తున్నాను.

అమ్మ పోయినప్పుడు నేను మామకు కబురు పెట్టలేదు. ఎవరో చెబితే తెలుసుకుని వచ్చాడు. మా వైపు ఆడబిడ్డ పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి మీద కప్పాలి. ఎంత బీదవాళ్ళయినా, ఎన్ని తగాదాలున్నా ఆ చీర తెస్తారు. పుట్టింటి చీర లేకుండా ఆడమనిషిని సాగనంపడమంటే దిక్కులేనిదని చెప్పినట్టే. మామ వట్టి చేతులతో వచ్చాడు. నేను గేటు దగ్గరే నిలబడి చూశాను, చేతిలో సంచి కూడా లేదు. నా కోపం ఎక్కడికి పోయిందో చెప్పలేను. "చీర..." అని ఏదో మొదలుపెట్టాడు. తేలేదని సాకు చెప్పబోతున్నాడనుకున్నాను. గేటు మూసేశాను. నా భార్య బజారు నుంచి తెప్పించిన చీర కప్పి అమ్మను సాగనంపాము. మామ వీధి చివర నిలబడి ఉన్నాడని, పాడె కదిలాక వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత రెండేళ్ళు నేను ఎవరు కదిలించినా అదే చెప్పాను. డ్రైవరు అమ్మను చంపాడు, తమ్ముడు చీర కూడా తేలేదు. అంత నమ్మకంగా చెప్పుకున్నాను. ఇంకో డ్రైవరును పెట్టుకోలేదు. కారు నేనే నడుపుకునేవాణ్ణి. మనిషిని నమ్మి దారి అప్పజెప్పడం ఇక నా వల్ల కాదు, యంత్రమయితే అబద్ధం చెప్పదు అనుకున్నాను.

యంత్రం ఎంచుకోవడానికి నెల పట్టింది. కడపలో అడిగితే ఒకాయన సినిమాలు చూసుకునే తెర అంటగట్టబోయాడు. "దారి చూపిస్తాదా?" అంటే, "పాటలు బాగొస్తాయి సార్" అంటాడు. అతనితో కాస్త గొడవే అయింది. చివరికి కర్నూలులో కారు సామాన్ల అంగడి నడిపే శేఖర్ అనే అతను తగిలాడు. అతనికి విషయం తెలుసు. రెండు రకాలు చూపించాడు. ఒకటి అద్దానికి రబ్బరు కప్పుతో అంటించేది. ఇంకొకటి టేపురికార్డరు తీసేసి ఆ చోట డాష్‌బోర్డులో బిగించేది. అద్దానికి అంటించేది చవక. కానీ మన ఎండకు ఆ రబ్బరు మెత్తబడి జారిపోతుందని అతనే చెప్పాడు, అది నిజం కూడా. లోపల బిగించేదే తీసుకున్నాను.

"ఊర్లు అన్నీ ఉండవు సార్ దీంట్లో. మెయిన్ రోడ్లు మాత్రం శానా బాగా చూపిస్తాది" అన్నాడు.

"నాకు ఊర్లతో పని లేదు, మెయిన్ రోడ్డు దిగొద్దనే నేను పెట్టించుకుంటాండేది" అన్నాను. నేను అన్న మాట ఇది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పెట్టె నా ముందే సీలు తీశాడు. బిగించేటప్పుడు స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాను. డాష్‌బోర్డు ముందు పలక ఊడదీశాడు, పాత టేపు తీశాడు, తీగలు రంగుల ప్రకారం కలిపాడు. చివరిగా అగ్గిపెట్టెంత నల్లటి బిళ్ళ ఒకటి ముందు అద్దం కింద మూలకు అతికించి, దాని తీగ లోపలికి తీసుకుపోయి యంత్రం వెనక గుచ్చాడు. అది ఆంటెన్నా అట. "ఇదే సార్ కన్ను. పైన ఉపగ్రహం కాడినుంచి కారు యాడుండాదో దీనికే తెలిసేది. ఇది ఊడితే ఆ సెట్టు వట్టి డబ్బా" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మొదటి వారం బాగా పనిచేసింది. కడప, బళ్ళారి తిరిగాను. ఎక్కడా తప్పు చెప్పలేదు. తర్వాత కారులో ఏసీ గాలి రాకపోతే మా ఊరి మెకానిక్ డాష్‌బోర్డు విప్పి బాగుచేశాడు. ఆ రోజు నుంచి దారి చెప్పడం ఆగిపోయింది. తెర వెలుగుతుంది, రేడియో పాడుతుంది, మ్యాపులో మాత్రం బాణం మైదుకూరు దగ్గరే అతుక్కుపోయి ఉంటుంది. పైన ఎర్ర గుర్తు ఒకటి. సిగ్నల్ లేదని దాని అర్థం. మెకానిక్‌ను తిట్టాను, శేఖర్‌కు ఫోన్ చేసి తిట్టాను. తీసుకురండి చూస్తానన్నాడు.

మర్నాడు పొద్దున పదింటికి బయలుదేరాను. కర్నూలు అని కొట్టి పెట్టాను, అలవాటు కొద్దీ. దువ్వూరు దాటినా బాణం మైదుకూరులోనే ఉంది. చాగలమర్రి దాటాను. ఎండ బాగా ఉంది, రోడ్డు ఖాళీగా ఉంది. కొంత దూరం పోయాక కాలువ వంతెన వస్తుంది. దాని ముందర, అంతసేపూ నోరెత్తని యంత్రం ఇంగ్లీషులో, రెండు వందల మీటర్లలో ఎడమకు తిరగమంది.

తెర వైపు చూశాను. ఎర్ర గుర్తు అలాగే ఉంది. బాణం మైదుకూరులోనే ఉంది.

గొంతు మా అమ్మది కాదు. అలా రాస్తే కథ రక్తి కడుతుందేమో కానీ అబద్ధమవుతుంది. ఎప్పుడూ వచ్చే ఆ ఇంగ్లీషు గొంతే. భయం కూడా వేయలేదు. కోపం వచ్చింది. ఎందుకంటే ఎడమ పక్క అక్కడ రోడ్డు లేదు, కాలువ గట్టు మీద ఎడ్లబండ్లు పోయే బాట ఉంది అంతే. పైగా ఆ దిక్కున లోపలికి పోతే మా మామ ఊరు. మేము ఆ ఊరికి ఎప్పుడు పోయినా ఆళ్ళగడ్డ వైపు నుంచి తారురోడ్డు మీదే పోయాము. ఆ గట్టు బాట ఊరిదాకా పోతుందో లేదో కూడా నాకు తెలియదు.

తిరగకుండా ముందుకు పోయాను. వీలైతే వెనక్కి తిరగమంది. ఇంకో కిలోమీటరు పోయాక మళ్ళీ అదే అంది. ఆళ్ళగడ్డలోకి వచ్చేసరికి ఊరుకుంది. కర్నూలు చేరితే శేఖర్ అంగడి మూసి ఉంది. ఇంటిల్లిపాదీ మంత్రాలయం పోయారట, మూడు రోజుల దాకా రారట. ఫోన్లో రమ్మన్నవాడు మూసుకుని పోతాడా అని పక్క అంగడివాళ్ళకు వినపడేట్టు తిట్టి తిరిగొచ్చాను. వచ్చేటప్పుడు ఆ కాలువ దగ్గర యంత్రం ఏమీ అనలేదు.

నాలుగో రోజు మళ్ళీ బయలుదేరాను. ఈసారి కర్నూలు అని కూడా కొట్టలేదు. రేడియో కూడా పెట్టలేదు. సరిగ్గా అదే చోట అదే మాట అంది.

అప్పుడు నాకు వచ్చిన అనుమానం చెబితే మీరు నవ్వుతారు. మా మామ ఈ శేఖర్‌ను పట్టుకుని నా మీద ఏదో ఆట ఆడిస్తున్నాడనుకున్నాను. సెల్‌ఫోన్‌లో నంబరు వెతకడం రాని మనిషి, కర్నూలు మొహం ఏడాదికొకసారి చూసే మనిషి, నా కారులో యంత్రానికి మాటలు నేర్పించాడట. కోపంలో అంత దూరం ఆలోచించాను. సరే, అది ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి పోయి, ముళ్ళకంపలో నిలబెట్టి ఫొటో తీసి, ఆ ఫొటో శేఖర్ ముఖాన కొట్టి దుడ్లు వెనక్కి తీసుకుంటాను అనుకున్నాను. బండి ఎడమకు తిప్పాను.

గట్టు బాట అధ్వానంగా ఉంది. కారు అడుగు రాళ్ళకు తగులుతోంది. తగిలినప్పుడల్లా యంత్రాన్ని బూతులు తిట్టాను. ఒక తూము వచ్చింది. కుడికి తిరగమంది. తిరిగాను. చేల మధ్య బాట, రెండు పక్కలా జొన్న. ఒకచోట పొలం నుంచి ఏరి పోసిన రాళ్ళకుప్ప ఉంది, బాట అక్కడ చీలుతుంది. మళ్ళీ ఎడమకు అంది. ఇంకొంచెం పోయాక ఊరి వెనకవైపు నుంచి ఇళ్ళు కనపడ్డాయి. ఒక ఇంటి పెరటి వాకిలి ముందర, గమ్యం చేరుకున్నారని చెప్పి ఆగిపోయింది. ఎర్ర గుర్తు అలాగే ఉంది, బాణం మైదుకూరులోనే ఉంది.

అది మా మామ ఇల్లు.

కారు చప్పుడుకు మామ బయటికొచ్చాడు. ఈ రెండేళ్ళలో బాగా తగ్గిపోయాడు. చేతిలో చాట ఉంది, వేరుసెనక్కాయలు ఒలుస్తున్నట్టున్నాడు. నేను కారు దిగాను. ఇక్కడికి ఎందుకొచ్చానో ఏం చెప్పాలి? ఆయన నన్ను కాదు, కారును చూస్తున్నాడు.

"ఇదే కారు కదప్పా, అక్క వచ్చింది" అన్నాడు.

ఎప్పుడు వచ్చిందన్నాను.

"కర్నూలుకు పోతా పోతా వచ్చింది గదా. అదే దావన, ఈ ఎనక వాకిలికే. ఖాదరు తోలుకోనొచ్చినాడు. గంటసేపు కూసున్నది. జొన్నరొట్టె అడిగి తినింది." నా ముఖం చూసి అన్నాడు, "నీకు తెలీదా?"

మా అత్త కూడా వచ్చి వాకిట్లో నిలబడింది. మామ చాట కింద పెట్టాడు.

"అక్క ఏమనిందో చెప్తా విను రమణా. ఈ మాటన్నా అయిపోయేదాకా విను. నేను పోతే మా కొడుకు నిన్ను గడప తొక్కనియ్యడు, నువ్వు ఇయ్యాల్సిన చీర ఇప్పుడే ఇయ్యి, నేనే తీసకపోతా అనింది. అట్ల అనొద్దక్కా అని మీ అత్త ఏడ్చింది. ఏడిస్తే వింటదా? చీర ఇచ్చేదాకా లేయనని కూసున్నది. మీ అత్త పండక్కని తెచ్చిపెట్టుకున్న నీలం చీర ఉంటే, దాని కొనకు పసుపు పెట్టి ఇచ్చినాము."

ఆయనే మళ్ళీ అడిగాడు.

"అది కప్పినారా లేదా? అది అడగాలనే వచ్చినా ఆ పొద్దు. చీర అన్నెంబడే నువ్వు గేటు ఏసేస్తివి. రెండు మార్లు ఫోను చేసినా, మా నంబరు చూసి ఎవరూ ఎత్తలే. కాలిపోయినాక చెప్పి ఏం లాభమని ఊరకుండిపోయినా."

ఏ చీర, ఎక్కడుంది అని అడిగాను.

"ఖాదరు ఎనక సీటు కింద పెట్టినాడు. పైన పెడితే నువ్వు చూసి పారేస్తావని అక్కే పెట్టమనింది. తను పోయినాక కోడలి చేతికి ఇయ్యమనింది. నేను చూస్తాండగానే పెట్టినాడు."

వెనక సీటు మెత్త పైకెత్తాలంటే అడుగున రెండు కొక్కేలు లాగాలి. రెండేళ్ళలో నేను ఒక్కసారి కూడా ఎత్తలేదు, ఎత్తే అవసరం రాలేదు. మామే లాగాడు. మెత్త లేచింది. కింద రేకు మీద, పేపర్లో చుట్టి పురికొసతో కట్టిన పొట్లం ఉంది. పేపరు అంచులు పసుపుపచ్చగా మారాయి. మా అత్త విప్పింది. ముదురు నీలం నూలు చీర, మడత నలగలేదు. ఒక కొనకు పసుపు మరక ఉంది.

రెండేళ్ళు నేను ఆ చీర మీద జనాన్ని కూర్చోబెట్టి ఊళ్ళు తిరిగాను. వెనక సీట్లో కూర్చున్న చుట్టాలకు, నా ముందు సీట్లోంచి తల తిప్పి మరీ, తమ్ముడు చీర కూడా తేలేదని చెప్పాను.

ఆ పూట వాళ్ళింట్లో ఎంతసేపు ఉన్నానో, ఏం మాట్లాడానో రాయను. విత్తనాల సంగతి మాత్రం చెప్పాను. సంచుల కుట్టు చూసి కూడా అమ్మానని చెప్పాను. మామ, "తెలుసులే అప్పా" అన్నాడు. అంతకంటే నాలుగు తన్ని ఉంటే నాకు తేలికగా ఉండేది.

మర్నాడు కర్నూలులో శేఖర్ దగ్గరికి పోయాను. జరిగింది చెప్పలేదు. సెట్టు పనిచేయడం లేదు చూడమన్నాను. డాష్‌బోర్డు పలక ఊడదీసి లోపలికి టార్చి కొట్టి చూసి, "ఎవురు విప్పింది సార్ దీన్ని?" అన్నాడు. ఆంటెన్నా తీగ ప్లగ్గు ఊడి లోపల వేలాడుతోంది. ఏసీ బాగుచేసిన మెకానిక్ తిరిగి గుచ్చడం మరిచిపోయాడు. నేను వంగి నా కళ్ళతో చూశాను. ప్లగ్గు మీద దుమ్ము పేరుకుని ఉంది.

ఇలా ఉండగా ఇది దారి చెప్పగలదా అని అడిగాను. చెప్పలేదన్నాడు. ఒక్కసారి కూడానా అన్నాను. "కారు యాడుండాదో తెలీకుండా ఎట్ల చెప్తాది సార్? పాతరూటు ఏమన్నా గుర్తుపెట్టుకోని ఉంటే చెప్పల్ల" అన్నాడు. పాతరూటు అనేది లేదు. ఆ సెట్టు బిగించాక నేను ఆ గట్టు బాటకు పోలేదు. అమ్మ పోయినప్పుడు ఆ సెట్టు ఈ కారులో లేదు. పెట్టె సీలు తీసింది నా ముందే. మ్యాపు పెద్దది చేసి చూపించమంటే ఆ కాలువ చూపించాడు. గట్టు మీద బాట లేదు, తూము లేదు, మా మామ ఊరి పేరే లేదు.

అక్కడి నుంచి ఖాదర్‌ను వెతుక్కుంటూ నంద్యాల పోయాను. ఒక బడి వ్యాను నడుపుతున్నాడని తెలిసింది. మధ్యాహ్నం, బడి గోడ నీడలో వ్యాను ఆపుకుని అన్నం తింటున్నాడు. నన్ను చూసి లేవలేదు. లేవాల్సిన పని కూడా లేదు. నేనే పక్కన కింద కూర్చున్నాను. తప్పయిందన్నాను. ఆ మాట నేను అంతకు ముందు ఎవరితోనూ అన్న గుర్తు లేదు.

ఎందుకు చెప్పలేదన్నాను. అడగకూడని మాటే అది.

"చెప్పనిచ్చింటే చెప్పేవాణ్ణి" అన్నాడు. టిఫిన్ మూత పెట్టుకున్నాడు. "ఆస్పత్రికాడ చెప్తే నువ్వు పోయి మీ మామను కొడతావని భయపడినా. అందుకే దారి తప్పినానని చెప్తి. రాత్రికి మీ ఇంటికాడ కోడలమ్మకు చీర సంగతి చెప్దామని వస్తి. రానియ్యలే. మళ్ళా యా మొహం పెట్టుకోని రావల్ల?"

నేను తల దించుకుని విన్నాను. ఆ గట్టు బాట నీకెట్లా తెలుసని అడిగాను. తెలియదన్నాడు.

"నేను ఆళ్ళగడ్డ మీద పోదామంటి. టైమవుతాది, ఇట్ల పోతే దగ్గర అని అమ్మే ముందు సీట్లోకొచ్చి కూసున్నది. చిన్నప్పుడు నడిచిన బాటంట. కాలువ కాడ ఎడమకు తిప్పు అనె. తూము కాడ కుడికి అనె. రాళ్ళకుప్ప కాడ మళ్ళా ఎడమకు అనె. ఆమె చెప్తాంటే నేను తిప్పినా, అంతే."

ముందు సీట్లో కూర్చున్న మనిషి ఎదురుగానే ఆ యంత్రం ఉంటుంది. ఇది నాకు ఆ రాత్రి ఇంటికి వచ్చి కారు ఆపాక తట్టింది.

ఆ ఏడు అమ్మ తద్దినానికి మామను, అత్తను, ఖాదర్‌ను పిలిచాను. మామ ఆ చీరను తన చేతులతో అమ్మ ఫొటో ముందర పెట్టాడు. తర్వాత దాన్ని ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. పెన్నలో వదలమన్నారు ఒకరు, ఎవరికైనా ఇచ్చేయమన్నారు ఇంకొకరు. మా బీరువాలోనే ఉంది. కప్పవలసిన మనిషికి కప్పనివ్వలేదు నేను. ఇంక దాన్ని ఎవరికిచ్చి ఏం ప్రయోజనం?

తెలిసిన ఇంజనీర్లను అడిగాను. మెరుపు తగిలినప్పుడు అలా జరుగుతుందని ఒకాయన, నేను కునికిపాటు పడి ఉంటానని ఇంకొకాయన చెప్పారు. ఆ రెండు రోజులూ ఎండ మండిపోతోంది, మబ్బు తునక లేదు. కునికిపాటు పడినవాడు కాలువ గట్టు మీద కారు నడపలేడు. ఇంతకంటే నా దగ్గర లెక్క లేదు. ఎవరైనా తెలిసినవాళ్ళు చెబితే వింటాను, మధ్యలో అడ్డం రాను.

శేఖర్ ప్లగ్గు గుచ్చిన దగ్గర్నుంచి ఆ యంత్రం చక్కగా పనిచేసింది. కర్నూలుకు ఎన్నిసార్లు పోయినా తిన్నగా పొమ్మనే చెప్పేది. ఒకసారి నేనే పలక ఊడదీసి ప్లగ్గు పీకేసి పోయాను. చాగలమర్రి దాటాక కారు నెమ్మది చేసి, వాల్యూం చివరిదాకా తిప్పి, కాలువ వంతెన పక్కన ఆపుకుని కూర్చున్నాను. బతికున్నప్పుడు మూడేళ్ళు అమ్మ నోరు నొక్కినవాణ్ణి, ఒక్క మాట కోసం ఆ ఎండలో గంటసేపు చెవి పెట్టి కూర్చున్నాను. ఏమీ అనలేదు.